బెంగళూరు డ్రమ్మర్లు ఎక్కడికి పోయారు? జవాబు 2018లో ఉంది

బెంగళూరు తెలుగు డ్రమ్మర్ల వాట్సాప్ గ్రూపుల్లో పాత తగువు మళ్లీ రాజుకుంది. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేని పేర్లను తీసేద్దామని అడ్మిన్లు అంటారు. తీసేస్తే మిగిలేదెవరని తక్కినవాళ్లు అడుగుతారు. ఇది ఏటా జరిగే తంతే గానీ, ఈసారి మాట పెరిగింది. యూట్యూబ్ పాఠాలొచ్చాక కుర్రాళ్లకు మనుషులతో పనిలేకుండా పోయిందని సీనియర్లు నిష్ఠూరమాడారు. ‘ముందు వాయించుకునే చోటు చూపించన్నా, తర్వాత అడుగుదువుగాని’ అని కుర్రాళ్లు తిప్పికొట్టారు.

ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా అనే హెవీ మెటల్ బ్యాండ్లు వాయించి వెళ్లిన సంగతి అందరికీ తెలిసిందే. మార్తహళ్లి పీజీల్లో ఉంటూ డ్రమ్ స్టిక్స్ కొనుక్కున్న మన ఇంజనీర్లు చాలామంది ఆ రెండు సాయంత్రాల పేరే చెబుతారు కూడా. అక్కణ్నుంచి మొదలుపెడితే కథ ‘ఆ రోజులే వేరు’ అన్న నిట్టూర్పు దగ్గర ఆగిపోతుంది. యూట్యూబ్ వాదం కూడా ఎక్కువ దూరం పోదు. యూట్యూబ్ పుట్టింది 2005లో. ఈ గ్రూపులు కళకళలాడిన కాలమంతా అది ఉండనే ఉంది.

అసలు మలుపు 2018లో వచ్చింది. దాని వేరు 2005లో ఉంది. ఆ ఏడాది నగరంలోని వినోద స్థలాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ, కర్ణాటక పోలీసు చట్టం కింద ఒక ఉత్తర్వు వచ్చింది. బార్లలో ‘లైవ్ బ్యాండ్’ పేరుతో ఆడవాళ్లను నిలబెట్టి నడిపే వ్యాపారాన్ని, క్యాబరేలను, డిస్కోథెక్‌లను అదుపు చేయడం దాని ఉద్దేశం. లైవ్ బ్యాండ్ రెస్టారెంట్ల సంఘం కోర్టుకెక్కింది. కేసు ఏళ్లూ పూళ్లూ నడిచి, చివరికి 2018 జనవరిలో ఉత్తర్వు చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది.

డాన్స్ బార్ల గొడవ మనకెందుకని అప్పట్లో వాయించేవాళ్లు పట్టించుకోలేదు. ఆ ఏడాది మధ్యకొచ్చేసరికి పోలీసులు పబ్బుల తలుపు తట్టారు. లైసెన్సు లేకపోతే పాటా లేదు, వాయిద్యమూ లేదన్నారు. లైసెన్సు కావాలంటే అగ్నిమాపక శాఖ అనుమతి దగ్గర్నుంచి భవనం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా చూపించాలి. ఇళ్లుగా కట్టి పబ్బులుగా మార్చిన ఇందిరానగర్ భవనాల్లో ఆ సర్టిఫికెట్ ఎన్నింటికి ఉంటుందో ఈ ఊళ్లో అద్దెకు తిరిగినవాళ్లెవరికైనా తెలుసు. వారం తిరక్కుండానే బుకింగులు రద్దయ్యాయి. ఉత్తర్వు రాసింది ఎవరి కోసమో, తగిలింది ఎవరికో.

ఇందిరానగర్ నివాసుల గోడు అబద్ధమని కాదు. 100 అడుగుల రోడ్డు వెనక వీధుల్లో రాత్రిళ్లు కంటి మీద కునుకు లేక వాళ్లు చేసిన ఫిర్యాదులు నిజమే, అంతకుముందు ఏళ్ల తరబడి వాటిని ఎవరూ వినకపోవడమూ నిజమే.

పబ్బులో పాట ఆగితే డ్రమ్మర్ల గ్రూపు ఎందుకు మూగబోవాలి? బయటివాళ్లకు తట్టని సంగతి ఇక్కడుంది. బ్యాండుకు ఇద్దరు గిటారిస్టులుండొచ్చు, డ్రమ్మర్ మాత్రం ఒక్కడే. ఇద్దరు డ్రమ్మర్లు ఒకే గదిలో, ఒకే కిట్ ముందు కలుసుకునే సందర్భం మామూలుగా రాదు. వాళ్లను కలిపింది ‘సబ్’ అనే ఏర్పాటు, అంటే రాలేనివాడి బదులు ఇంకొకడు వాయించడం. గురువారం రాత్రి షో ఉంది, ఆఫీసులో రిలీజ్ నెత్తిమీదకొచ్చింది. అప్పుడు గ్రూపులో ‘సబ్ కావాలి, పన్నెండు పాటలు, కోరమంగల, కిట్ అక్కడే ఉంది, బ్రేకబుల్స్ తెచ్చుకోవాలి’ అని ఒక మెసేజ్ పడేది. బ్రేకబుల్స్ అంటే స్నేర్ అనే చిన్న డ్రమ్, సింబల్స్ అనే లోహపు తాళాలు, బేస్ డ్రమ్‌ను కాలితో వాయించే కిక్ పెడల్. ఎవరి సామాను వాళ్లు మోసుకెళ్లేవి. నిమిషాల్లో నలుగురు చెయ్యెత్తేవాళ్లు. ఆ రాత్రి వాయించినవాడు మర్నాడు పాటల జాబితా పంపేవాడు, ఎక్కడ టెంపో జారిందో చెప్పేవాడు, సింబల్ బ్యాగ్ అక్కడే మర్చిపోయాడని తిట్లు తినేవాడు. గ్రూపులో సందడంతా దాని చుట్టూ అల్లుకున్నదే. పెడల్ స్ప్రింగు ఎక్కడ దొరుకుతుంది, పగిలిన క్రాష్ సింబల్ అంచు కోయించొచ్చా అన్న ప్రశ్నలూ రేపటి షో కోసం పుట్టినవే.

షో లేకపోతే సబ్ అక్కర్లేదు. సబ్ అక్కర్లేకపోతే పక్క డ్రమ్మర్‌తో మాట్లాడాల్సిన పనే లేదు.

జామ్ రూములకు దెబ్బ కాస్త ఆలస్యంగా తగిలింది. గంటకింత చొప్పున అద్దెకిచ్చే ఆ గదుల్లో కిట్ ముందుకు జారకుండా బేస్ డ్రమ్‌కు ఇటుక అడ్డం పెట్టి ఉండేది. కార్పెట్‌ను నేలకు టేపుతో అంటించేవాళ్లు. స్నేర్ స్టాండ్ మూడు కాళ్లలో ఒకదానికి రబ్బరు తొడుగు ఉండేది కాదు, దాని కింద మడతపెట్టిన అట్టముక్క దూర్చేవాళ్లు. ప్రాక్టీసు అనగానే అందరూ ఈ గదులనే తలుచుకుంటారు, కానీ వాటి అద్దె కట్టింది పబ్బు షోల డబ్బే. శనివారం షో ఉన్న బ్యాండు మంగళ, బుధవారాల్లో రూము తీసుకునేది. షో లేని బ్యాండు వాయిదా వేసుకునేది.

లైసెన్సులు తెచ్చుకున్నవి తెచ్చుకున్నాక, కొన్నిచోట్ల పాట తిరిగొచ్చింది. డ్రమ్ కిట్ మాత్రం పెద్దగా రాలేదు. దాని స్థానంలో కహోన్ వచ్చి కూర్చుంది. పెరూ దేశపు చెక్కపెట్టె, మీద కూర్చుని చేతులతో వాయించేది. ఒక గిటారు, ఒక కహోన్, ఒక గొంతు ఉంటే సాయంత్రం గడిచిపోతుంది. ఇద్దరితో అయ్యే పనికి ఐదుగురికి ఎందుకివ్వాలన్నది యజమాని లెక్క, దాన్ని తప్పు పట్టలేం. పెద్ద బ్యాండ్లను నిలబెట్టే వేదికలూ తగ్గుతూ వచ్చాయి. 2013లో ఇందిరానగర్‌లో తెరిచిన హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడింది.

ఆ పైన 2020 మార్చి. లాక్‌డౌనే అంతా చెడగొట్టిందని సీనియర్లలో కొందరంటారు. అప్పటికే సగం ఆరిన పొయ్యి అది. లాక్‌డౌన్ తెచ్చిన అసలు మార్పు వేరు, ఎలక్ట్రానిక్ కిట్ ఇంట్లోకి వచ్చింది. వల తొడుగుతో చప్పుడు తగ్గించే మెష్ హెడ్స్‌ను రోలాండ్ 1997లోనే వీ-డ్రమ్స్‌తో తెచ్చింది. అవి చవక కిట్లలోకి దిగి ఐటీ ఉద్యోగి చేతికందడానికి ఇరవై ఏళ్లు పట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తలుపేసుకుని, రాత్రి పదకొండింటికి కూడా వాయించుకోవచ్చని అమ్మేవాళ్లు చెప్పారు, కొన్నవాళ్లు నమ్మారు. ఇప్పుడు గ్రూపుల్లో అప్పుడప్పుడూ కదిలేవి ఆ కిట్ల అమ్మకం ప్రకటనలే: ‘కొద్దిగానే వాడింది, అపార్ట్‌మెంట్ వల్ల అమ్ముతున్నాను.’

అపార్ట్‌మెంట్ వల్ల అంటే ఇదీ సంగతి. మెష్ హెడ్ మీద స్టిక్ తగిలితే పక్కగదికి పెద్దగా వినపడదు. కిక్ పెడల్ అలా కాదు. కాలితో తొక్కినప్పుడల్లా బీటర్ అనే పెడల్ సుత్తి దెబ్బ స్టాండ్ గుండా నేలలోకి దిగి, శ్లాబు పట్టుకుని కింది ఇంటి సీలింగులో పలుకుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి తన పాట పరిశుభ్రంగా వినిపిస్తుంది. కింది ఫ్లాటులో పెద్దావిడకు పాట వినపడదు, గుద్దులే వినపడతాయి. ‘బాబూ, రాత్రిపూట మీ ఇంట్లో రోకలి పోటేస్తున్నారా?’ అని లిఫ్టులో అడిగిందని ఒకతను గ్రూపులో రాసుకున్నాడు. రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు పేర్చి, వాటి మీద కిట్ పెడితే అదురు చాలావరకు తగ్గుతుంది. అద్దె ఇంటి పడగ్గదిలో అంత పలక వేస్తే మంచం ఎక్కడ వేసుకోవాలన్నది తర్వాతి ప్రశ్న.

రూల్సు చూపించి వాదించుకున్నా ఈ తగువు తెగదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రంటే పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా. 2010లో సవరించాక సంగీత వాయిద్యాలు కూడా పేరుతో సహా అందులోకి వచ్చాయి. వంద డెసిబెళ్లు దాటే మామూలు కిట్‌కు ఇక ఫ్లాట్లలో చోటు లేదన్నమాటే. ఎలక్ట్రానిక్ కిట్ వాళ్లు ఫోనులో మీటర్ పెట్టి, హద్దు దాటలేదని స్క్రీన్‌షాట్లు చూపిస్తారు. అయితే నియమాల్లోని కొలత డీబీ(ఏ). అది మనిషి చెవికి తగ్గట్టు బేస్ ధ్వనులను తగ్గించి లెక్కేస్తుంది. కిక్ దెబ్బలో ఎక్కువగా ఉండేది బేసే. అంకె కింద ఉండగానే కింది ఇంట్లో గ్లాసులు అదురుతాయి. ఆ స్క్రీన్‌షాటూ నిజమే, ఆ పెద్దావిడ చెప్పేదీ నిజమే.

ఆసక్తే చచ్చిపోయిందన్న వాదానికి ఎదురు సాక్ష్యం మనవాళ్ల మధ్యే ఉంది. గుంటూరు, కృష్ణా, ప్రకాశం వైపు నుంచి వచ్చిన డ్రమ్మర్లలో చాలామంది చేయి తిప్పడం నేర్చింది చర్చిలో. బెంగళూరులో తెలుగు ఆరాధన జరిగే చర్చిల్లో వాళ్లు ఇప్పటికీ ప్రతి ఆదివారం అసలు కిట్ మీద వాయిస్తున్నారు. వారం మధ్యలో రిహార్సల్, రాలేనివాడికి బదులు ఇంకొకడు. పబ్బులు పోగొట్టుకున్న ఏర్పాటు అక్కడ చెక్కుచెదరలేదు. చోటూ తేదీ ఖాయంగా ఉన్నచోట మనుషులు తగ్గలేదు. తమాషా ఏమిటంటే వీళ్లు గ్రూపుల్లో నోరు మెదపరు, కాబట్టి తీసేయాల్సిన పేర్లలో వీళ్లవీ ఉన్నాయి.

ఇక పిల్లల సంగతి. వైట్‌ఫీల్డ్, బెల్లందూరు వైపు మ్యూజిక్ స్కూళ్లలో డ్రమ్స్ నేర్చే పిల్లలకు కొదవలేదు. ట్రినిటీ, రాక్‌స్కూల్ గ్రేడు పరీక్షలకు రికార్డు చేసిన ట్రాక్ పెట్టుకుని వాయిస్తారు, సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. పక్కన బతికున్న బేస్ గిటారిస్టు ఒకడుంటే ఎలా ఉంటుందో ఎరక్కుండానే టెన్త్‌కొచ్చేస్తారు. కిట్‌కు దుప్పటి కప్పేస్తారు.

ఇప్పుడు తగువు పేర్ల జాబితా నుంచి క్లబ్‌హౌసుల మీదికి మళ్లింది. అపార్ట్‌మెంట్లలో పగటిపూట ఖాళీగా ఉండే ఆ హాళ్లను శనివారం రెండు గంటలు ఇమ్మని కొందరు అర్జీ పెట్టుకున్నారు. ఒక అసోసియేషన్ ఒప్పుకుంది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా, కిటికీలు మూసి, బయటివాళ్లు నలుగురికి మించకుండా, బేస్ డ్రమ్ వాయించకూడదన్న షరతు మీద. బేస్ డ్రమ్ లేకుండా కిట్ ఏమిటని సగంమంది మండిపడుతున్నారు. ముందు హాలు చేతికి రానివ్వండి, దిండు కుక్కి వాయిస్తే ఎవరికి తెలుస్తుందని మిగతా సగం అంటున్నారు. అసోసియేషన్ కార్యదర్శి కూడా అదే గ్రూపులో ఉన్నాడన్న సంగతి వాళ్లు చూసుకున్నట్టు లేదు.