గ్రీకులు, మగవాళ్ల మధ్య ప్రేమ: అపోహలు - వాస్తవాలు

గ్రీకు చరిత్ర చెప్పేవాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. ఏథెన్స్ ప్రజాస్వామ్యం గురించి గంట చెప్పినా చివర్లో వెనక బెంచీ నుంచి "సార్, వాళ్లంతా గే అంట కదా" అని ఒక డౌట్ వస్తుంది. యూట్యూబ్ షార్ట్స్ పుణ్యం.

అపోహ: అక్కడ అంతా ఓపెన్, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

వాస్తవం: అప్పట్లో గ్రీసు అని ఒక దేశమే లేదు, ఊరికో రాజ్యం, ఊరికో పద్ధతి. తత్వవేత్త ప్లేటో రాసిన 'సింపోజియం' అనే సంభాషణలో పౌసానియస్ అనే ఏథెన్స్ వాడు చెప్పేది కూడా ఇదే, ఎలిస్, బియోషియాల్లో అడ్డే లేదు, పర్షియన్ల కిందున్న అయోనియాలో తప్పు, మన ఏథెన్స్‌లోనే ఏదీ ఒక పట్టాన అర్థం కాదు అంటాడు. ఏథెన్స్‌లో డబ్బుకి ఒళ్లమ్ముకున్న పౌరుడు సభలో నోరెత్తకూడదని చట్టం ఉండేది. క్రీ.పూ. 346-345లో టిమార్కస్ అనే లీడర్ మీద ఈస్కినిస్ అనే ఇంకో లీడర్ సరిగ్గా ఈ కేసే వేసి గెలిచాడు, టిమార్కస్ పౌరహక్కులు పోయాయి. నన్నడిగితే అది పక్కా పాలిటిక్స్, ఎందుకంటే ఉత్తరాన ఉన్న మాసిడోనియా రాజ్యంతో సంధి విషయంలో ఈస్కినిస్‌ని కోర్టుకీడ్చబోయిన వాళ్లలో టిమార్కస్ ఒకడు, ఆ కేసు నడవకముందే వీడి నోరు మూయించాలి కదా.

అపోహ: ఇప్పటి గే జంటల్లాంటివే అవీ.

వాస్తవం: ఏథెన్స్‌లో ఎక్కువగా కనిపించేది ఒక పెద్దవాడు, ఇంకా గడ్డం రాని కుర్రాడు. ఇవాళైతే అది నేరం. దాన్ని గురుశిష్య బంధం అని పాలిష్ పట్టి చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. అలాగని అన్నీ అవే కావు, నాటకకర్త అగాథాన్ పెద్దవాడై నాటకాల పోటీలో ప్రైజు కొట్టాక కూడా పైన చెప్పిన పౌసానియస్‌తోనే ఉన్నాడు, జనానికి అదే వింతగా అనిపించేది.

అపోహ: ట్రాయ్ యుద్ధ వీరులు అఖిలీస్, పాట్రొక్లస్ ప్రేమికులని 'ఇలియడ్' కవి హోమర్ రాశాడు.

రాయలేదు. ఆ మాట తర్వాతి వాళ్లది, ముఖ్యంగా నాటకకర్త ఈస్కిలస్ (పై ఈస్కినిస్ కాదు) నాటకంది.

అపోహ: థీబ్స్ నగరానికి మగ ప్రేమ జంటలతో కట్టిన సేన ఉండేదన్నది ఉత్త కట్టుకథ.

వాస్తవం: సేన నిజం. 300 మంది, క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా దగ్గర స్పార్టాని ఓడించిన సైన్యంలో ఉన్నారు, 338లో కెరోనియాలో మాసిడోనియా రాజు ఫిలిప్ చేతిలో తుడిచిపెట్టుకుపోయారు. అక్కడి రాతి సింహం దగ్గర 19వ శతాబ్దంలో తవ్వితే ఏడు వరసల్లో 254 అస్థిపంజరాలు దొరికాయి, వీళ్లవేనని చాలామంది చరిత్రకారుల లెక్క. అందరూ ప్రేమ జంటలే అన్నదానికి మాత్రం ముఖ్య సాక్షి జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్, అదీ 'కొందరంటారు' అనే రాశాడు. ఆయన కెరోనియా యుద్ధమయ్యాక దాదాపు నాలుగొందల ఏళ్లకి పుట్టినవాడు, కాకపోతే పుట్టింది ఆ కెరోనియాలోనే, ఊళ్లో కబుర్లు బాగానే విని ఉంటాడు.