స్ట్రోక్‌లో గడ్డ తీయడం ఇంకా 'పందుల మీద ప్రయోగమే'నా? అపోహలు - వాస్తవాలు

"అక్కా, తొడ దగ్గర్నుంచి వైరు పంపి మెదడుల గడ్డ లాగుతరంట. అది మీ ల్యాబుల పందుల మీద చేసేదే గదా? నాయిన మీద కూడా ప్రయోగం చేస్తున్నరా?"

రాత్రి పదకొండింటికి తమ్ముడి ఫోన్. బాబాయికి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట పోయింది. పెద్ద రక్తనాళమే మూసుకుపోయిందని స్కాన్‌లో తేలింది. డాక్టరు సంతకం అడిగితే, అక్కడున్న బంధువొకరు నా ఉద్యోగం గుర్తుచేసి, "అది ఇంకా జంతువుల మీదే చూస్తున్నారు, తొందరపడకండి" అన్నారట. నాకు ఫోన్ కలిసేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి. పెద్ద నాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా.

నేను పశువైద్యురాలిని. శామీర్‌పేట వైపు ఒక ల్యాబులో, గడ్డ తీసే కొత్త పరికరాలను పందుల మీద పరీక్షించే పనే చేస్తాను. అందుకే గట్టిగా చెబుతున్నాను.

అపోహ: జంతువుల మీద ఇంకా పరీక్షిస్తున్నారంటే మనుషుల్లో రుజువు కాలేదన్నట్టే.

వాస్తవం: రుజువై చాలా ఏళ్లయింది. 2015లో మనుషుల మీద జరిగిన ఐదు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. అన్నీ కలిపి 1,287 మంది రోగులు. సుమారు ముగ్గురికి గడ్డ తీస్తే ఒకరికి వైకల్యాన్ని కొలిచే స్కేలు మీద కనీసం ఒక మెట్టు తగ్గింది. ఇంత ఫలితమున్న చికిత్సలు వైద్యంలో అరుదు.

మరి మాకేం పని? అసలు పంది మెదడులోకి మా క్యాథెటర్ (నాళంలోకి పంపే సన్నని గొట్టం) వెళ్లనే వెళ్లదు. దాని పుర్రె అడుగున రక్తనాళం సన్నని వలలా చీలిపోతుంది, రీటే మిరాబిలే అంటాం. అందుకే నాలుకకూ దవడకూ వెళ్లే నాళాల్లో పనిచేస్తాం. వాటి మందం మన మెదడు నాళాలకు దగ్గరగా ఉంటుంది. పొద్దున్నే ఆ పంది రక్తమే కొంచెం తీసి, రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్, దాంతోపాటు బేరియం కలిపి ట్యూబులో గడ్డ కట్టిస్తాం. బేరియం ఉంటే గడ్డ ఎక్స్‌రే తెరమీద నల్లగా కనిపిస్తుంది. దాన్ని నాళంలోకి వదిలి, కొత్త స్టెంట్ రిట్రీవర్‌ను, అంటే గడ్డను పట్టి లాగే సన్నని తీగల జాలీని, గడ్డలో విప్పి, కొన్ని నిమిషాలు ఆగి లాగుతాం. బయటికొచ్చాక సెలైన్ గిన్నెలో కడిగి చూస్తాం: గడ్డ మొత్తం వచ్చిందా, ముక్క తెగి ముందుకు పోయిందా, నాళం లోపొర గీరుకుపోయిందా? ఎర్రకణాలు ఎక్కువున్న గడ్డ మెత్తగా ఊడొస్తుంది. గడ్డను పట్టి ఉంచే పోగుల్లాంటి ఫైబ్రిన్ ఎక్కువైతే రబ్బరులా పట్టుకుంటుంది. అలాంటి మొండి గడ్డలకు మెరుగైన పరికరం కావాలనే ఇంకా పనిచేస్తున్నాం. మనిషి మళ్లీ తన చేత్తో అన్నం కలుపుకుంటాడా అన్న ప్రశ్నకు పంది జవాబివ్వలేదు. ఆ జవాబు మనుషుల ట్రయల్స్ ఇచ్చాయి.

బాబాయి ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తాడు. అన్నం మాత్రం ఎడమచేత్తో, స్పూనుతో తింటాడు. ఆ నలభై నిమిషాలు నాకు ఇంకా గుర్తొస్తూనే ఉంటాయి. తమ్ముణ్ణి నేనేమీ అనలేదు. నాన్న అలా పడి ఉంటే ఎవరికైనా భయమే కదా.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఒక జంతువుకు వాడిన పరికరాన్నే మళ్లీ మనిషికి వాడరు. వీధి కుక్కల్ని పట్టుకొచ్చి ఈ పని చేయరు. పెద్ద జంతువుల మీద ప్రయోగాలకు, వాటిని పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ సీసీఎస్‌ఈఏ అనుమతి తప్పనిసరి, జంతువు పూర్తి మత్తులో ఉంటుంది. వేళ్లకు సూది గుచ్చి రక్తం కారిస్తే స్ట్రోక్ తగ్గుతుందన్న వాట్సాప్ మెసేజ్ శుద్ధ అబద్ధం. పావురం రక్తం పూయడం కూడా అంతే. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

"గడ్డ తీయడానికి 24 గంటల టైం ఉందట కదా" అని కూడా అడుగుతారు. ఆరు గంటలు దాటాక స్కాన్‌లో కాపాడదగిన మెదడు ఇంకా మిగిలి ఉన్నవాళ్లకే ఆ అవకాశం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే. కాబట్టి 108కి ఫోన్ చేస్తూనే ఒక టైం రాసిపెట్టుకోండి: మనిషి చివరిసారి మామూలుగా కనిపించింది ఎన్ని గంటలకు? డాక్టర్లు మొదట అడిగేది అదే. తమ్ముడు అది మాత్రం ఠక్కున చెప్పగలిగాడు. ఎనిమిదిన్నరకు బాబాయి వాడితోనే కూర్చుని భోంచేశాడు.