ఆర్‌టీ 90 అంటే ఎటు?

మొన్న సెలవుల్లో ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి పిల్లలు తొక్కుడుబిళ్ల గళ్లలో రోబో ఆట ఆడారు. కంప్యూటర్‌కి చెప్పినట్టు ఒకరు చెప్తే, రోబో అయినవాళ్లు అలాగే కదలాలి. రోబో ఒడియా వాళ్ల అబ్బాయి. ఎదురుగా నిలబడి చెప్పేది మన తెలుగు పిల్ల. "రెండు గళ్లు ముందుకు. కుడికి తిరుగు." వాడు తిరిగాడు. అటు కాదంది. భాష తేడా అనుకుని "డాహాణ" అని మళ్లీ చెప్పింది. వాడు మళ్లీ అటే తిరిగాడు. అరుగు మీది పెద్దాయన "ఇదేం కంప్యూటర్ చదువమ్మా!" అని నవ్వారు.

ఈ చదువుకి యాభై ఏళ్లు దాటాయి. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫ్యూర్‌జైగ్ పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. కొన్నాళ్లకు దానికి ఓ తాబేలు తోడైంది. కలం బిగించిన చిన్న యంత్రం అది, చెప్పినట్టు నేల మీద కదులుతూ గీత గీసేది. ఎటు తిప్పాలో తోచకపోతే పిల్లలే తాబేలై నడిచి చూడాలన్నది పాపర్ట్ పద్ధతి.

ఉదాహరణకి సమబాహు త్రిభుజం. కోణం 60 అని పుస్తకంలో ఉంటుంది కదా అని ప్రతి మూలలో 60 తిప్పుతూ పోతే ఆరు భుజాల బొమ్మ వస్తుంది. అదే నేల మీద నడిస్తే, మూల దగ్గర ఒళ్లు తిరగాల్సింది 120 అని తెలుస్తుంది. మూడు మూలలూ తిరిగేసరికి మొహం బయల్దేరిన వైపుకే వస్తుంది. 360 అంటే అదే.

తర్వాత తాబేలు కంప్యూటర్ తెరెక్కింది. మన బళ్లకి వచ్చింది ఆ తాబేలే. చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్లి, నలుగురం ఒక మౌస్ చుట్టూ కూర్చుని 'ఎఫ్‌డీ 50, ఆర్‌టీ 90' అని బట్టీపట్టాం. అంటే 50 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి. మార్కులకేం, బాగానే వచ్చాయి. లేచి తిరగమని మాత్రం ఎవరూ అనలేదు.

1990లలో న్యూజిలాండ్‌లో టిమ్ బెల్, మరికొందరు అసలు కంప్యూటరే లేని ఆటలు తయారుచేశారు. అంకెల చీటీలు పట్టుకున్న పిల్లలు నేల మీది గీతల వెంట నడుస్తారు. ఇద్దరు కలిసిన చోట చిన్న అంకె ఎడమకి, పెద్దది కుడికి. గీతలు అయిపోయేసరికి అందరూ వరసలో ఉంటారు.

ఆ పిల్ల భాష తేడా అనుకోవడానికీ కారణముంది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. అప్పటినుంచి ఇక్కడ మనవాళ్లకి ఇంట్లో తెలుగు, బయట ఒడియా. కంప్యూటర్ దగ్గర ఇంగ్లీషు. సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు పుస్తకాలు రాసిన ఊరిది. ఆరో తరగతి నుంచి కోడింగ్ అంటోంది 2020 జాతీయ విద్యావిధానం. అది ఏ భాషలో వస్తుందో మరి.

ఆ పిల్ల చివరికి రోబో వెనక్కి వెళ్లింది. వాడు చూస్తున్న వైపే తనూ చూస్తూ నిలబడి "ఇప్పుడు ఎడమకి" అంది.