డాల్ఫిన్ నోస్ అగ్నిపర్వతం కాదండీ! కొండలూ దీవులూ: అపోహలు - వాస్తవాలు

నేను జియాలజిస్టుని, ఉండేది వైజాగ్‌లో. పిల్లల్ని ఫీల్డుకి తీసుకెళ్లినప్పుడు మా చేతుల్లో సుత్తులు చూసి బీచ్‌లో ఎవరో ఒకరు ఆగుతారు. ఎక్కువసార్లు అడిగేది ఒకటే ప్రశ్న. దానితోనే మొదలుపెడతాను.

అపోహ: వైజాగ్ ఒడ్డున సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ చల్లారిపోయిన అగ్నిపర్వతం.

వాస్తవం: కాదు. అది లావా గడ్డకట్టిన రాయి కాదు, ఖోండలైట్. కైలాసగిరీ, సింహాచలం కొండా అదే రాయి. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే దానికా పేరు. కోణార్క్ గుడి కట్టిందీ ఈ జాతి రాయితోనే. విరిగిన ముక్క దొరికితే ఎండలో అటూ ఇటూ తిప్పి చూడండి. దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరిసేవి గార్నెట్లు. (ఉంగరంలో పెట్టుకునే గోమేధికం వీటికి చుట్టమే. అలాగని వీటిని పట్టుకుని కంసాలి దగ్గరికి వెళ్లకండి!) వాటి మధ్య సన్నటి తెల్లని పుల్లల్లా ఉండేది సిల్లిమనైట్.

ఇవి రెండూ ఇలా కలిసి పుట్టాలంటే నీళ్ల అడుగున పేరుకున్న బురద దాదాపు 25 కిలోమీటర్ల లోతుకి దిగిపోయి, 900 డిగ్రీల వేడిలో ఉడకాలి. బురదని అంత లోతుకి తొక్కింది ఖండాలు గుద్దుకోవడమే. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు తీరమూ, అంటార్కిటికా తూర్పు భాగమూ అలా ఒకటైపోయాయి. అప్పుడు లేచిన పర్వతాలు అరిగి అరిగి, అడుగున ఉన్నది పైకి తేలింది. కైలాసగిరి రోప్‌వే ఎక్కి మనం చూసేది ఆ పర్వతాల శిఖరం కాదు, వేళ్లు. తర్వాత 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా విడిపోయింది. ఆ చీలికలో తెరుచుకున్నదే బంగాళాఖాతం.

అపోహ: నేల కింద అంతా లావా సముద్రం. భూమి పైపెంకు ముక్కలైన పలకలు దాని మీద పడవల్లా తేలుతుంటాయి.

వాస్తవం: ఇదంతా బడి పుస్తకాల్లో ఎర్రరంగు పూసిన బొమ్మల పుణ్యం. పలకల కిందున్న మ్యాంటిల్ అనే మందపాటి పొర దాదాపు అంతా గట్టి రాయే. భూకంప తరంగాల్లో ద్రవం గుండా పోలేని రకం ఒకటుంది. అది మ్యాంటిల్ గుండా శుభ్రంగా పోతుంది. అయితే ఆ గట్టి రాయే మహా నెమ్మదిగా సాగుతుంది. రోడ్డు పక్కన వదిలేసిన తారు ముద్దని సుత్తితో కొడితే పగులుతుంది, మే నెల ఎండలో అదే ముద్ద మెల్లగా పరుచుకుంటుంది. అలాగన్నమాట.

మరి లావా ఎక్కడిది? రాయి కరగాలంటే వేడే పెరగనక్కర్లేదు. పైనుంచి ఒత్తిడి తగ్గినా చాలు, నీళ్లు చేరినా చాలు. నీళ్లు నిప్పుని పుట్టిస్తాయంటే క్లాసులో పిల్లలు నవ్వుతారు గానీ, అండమాన్ సముద్రంలో బ్యారెన్ దీవి అలా పుట్టిందే. మనం కూర్చున్న పలకే బంగాళాఖాతం అడుగున తూర్పుకి సాగి, అండమాన్ల దగ్గర పక్క పలక కిందికి దూరుతుంది. ఖనిజాల్లో ఇరుక్కున్న సముద్రపు నీళ్లు 100 కిలోమీటర్ల లోతు ప్రాంతంలో బయటపడతాయి. వాటి వల్ల పైనున్న మ్యాంటిల్ రాయి తక్కువ వేడికే కరగడం మొదలుపెడుతుంది. ఆ దీవి 1787లో పేలడం రికార్డుల్లో ఉంది. 1832 తర్వాత సుమారు 160 ఏళ్లు నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. 2004 డిసెంబరు 26 సునామీకి కారణం కూడా అదే సరిహద్దు జారడమే.

అపోహ: అగ్నిపర్వత దీవులన్నీ పలకల అంచుల్లోనే పుడతాయి.

వాస్తవం: హవాయి దీవులు పసిఫిక్ పలకకి నట్టనడుమ ఉన్నాయి. కింద లోతు నుంచి వేడి ఎగదన్నే చోటు ఒకటుంది, పొయ్యి అనుకోండి. ఆ పొయ్యి కదలదు, పైన పలక వాయవ్యానికి జరుగుతుంటుంది. మంట మీద అప్పడాన్ని మెల్లగా లాగితే మాడిన మచ్చలు వరసగా పడవూ? ఆ దీవుల వరస అంతే. కవాయి దీవి వయసు 50 లక్షల ఏళ్లు, ఇప్పుడు పొయ్యి మీదున్న పెద్ద దీవి హవాయి ఇంకా పెరుగుతూనే ఉంది.

మన దేశమూ ఇలాంటి పొయ్యి మీదుగానే వచ్చింది. ఆ పొయ్యి ఇప్పుడు హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఉంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో చాలా మేర పరుచుకున్న లావా రాజమండ్రి దాకా పారింది. కాతేరు, పంగిడి దగ్గర కనిపించే నల్లరాయి అదే. కాబట్టి లావా రాయి చూడాలని సరదాగా ఉంటే డాల్ఫిన్ నోస్ కాదు, రాజమండ్రి రైలెక్కండి.

అపోహ: హిమాలయాల్లో సముద్ర జీవుల గుర్తులున్నాయంటే, నీళ్లే అంత ఎత్తుకి వచ్చాయి.

వాస్తవం: నీళ్లు రాలేదు, సముద్రపు అడుగే పైకి లేచింది. పూజగదిలో చక్రాలున్న సాలగ్రామం ఉంటే చూడండి. గండకీ నదిలో దొరికే ఆ రాళ్లలోని చక్రం అమ్మోనైట్ అనే సముద్రపు జీవి గుల్ల గుర్తు. ఇండియా వెళ్లి ఆసియాని గుద్దుకుని 5 కోట్ల ఏళ్లయింది. రెండూ తేలికైన ఖండాలు కాబట్టి ఏదీ పూర్తిగా మునగలేక ముడతపడి పైకి లేచాయి. ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతూనే ఉన్నాం.

అపోహ: మన కొండలు కూడా అలాగే పెరుగుతున్నాయి.

వాస్తవం: లేదు, అరుగుతున్నాయి. భీమిలి బీచ్‌లో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద ముదురు ఎరుపు చార కనిపిస్తే చిటికెడు అరచేతిలో వేసుకుని దగ్గరగా చూడండి. అందులో దానిమ్మ రంగులో మెరిసేవి ఆ కొండల్లోని గార్నెట్లే.