గడ్డి గోడకు సిమెంట్ పూత: మేలుకన్నా కీడే ఎక్కువ

"వానకు తడుస్తుందేమోనని భయంగా ఉందండీ, పైన సిమెంట్ పూసి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించేస్తాం." బిగించి కట్టిన గడ్డి మోపులతోనో హెంప్‌క్రీట్‌తోనో (హెంప్ మొక్క కాడల ముక్కల్ని సున్నంతో కలిపిన మిశ్రమం) ఇల్లు కట్టుకునేవారిలో చాలామంది చివరికి ఈ మాటే అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఉన్నదంతా పెట్టి కట్టుకున్న గోడ కుళ్లిపోతుందని ఎవరో చెబితే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది? కానీ ఆ గోడను కుళ్లబెట్టేది చాలాసార్లు ఆ పూతే.

అపోహ: తడి చొరబడకుండా గోడను పూర్తిగా మూసేయాలి.

వాస్తవం: పూర్తిగా మూయడం ఎవరివల్లా కాదు. లోపలి గడ్డి మెత్తన, పైనున్న సిమెంట్ బిరుసు. ఎండకు సాగి, రాత్రికి కుంచించుకుపోతూ ఆ పూత సన్నని నెర్రెలిస్తుంది. వాననీరు వాటిగుండా లోపలికి దిగుతుంది. తిరిగి ఆవిరై బయటికి పోవడానికి మాత్రం దారి ఉండదు. గడ్డిలో తేమ దాని బరువులో 20 శాతం దాటి చాలాకాలం నిలిచిందంటే బూజుకు తావు ఇచ్చినట్టే. సున్నపు గార, మట్టి పూత తడిసినా ఎండ రాగానే ఆ తడిని వదిలేస్తాయి.

ఏసీ ఉన్న ఇంట్లో ఇంకో చిక్కు. ఉక్కపోత వాతావరణంలో బయటి తేమ చల్లగా ఉన్న లోపలి వైపుకు వస్తుంది. అక్కడ వినైల్ వాల్‌పేపరో ప్లాస్టిక్ పెయింటో అడ్డుపడితే సరిగ్గా దాని వెనకే చెమ్మ చేరుతుంది.

పడకగదిలో ముక్కవాసన వస్తోందని ఒకరు పిలిస్తే వెళ్లాను. కిటికీ కింద గోడను వేలితో తడితే డొల్లగా మోగింది. పెచ్చు ఊడదీస్తే లోపలి గడ్డి నల్లబడి, పేడలా చేతికి అంటుకుంది. అడుగు దూరంలో, నీళ్లు దిగని చోట, అదే గడ్డి పసుపుపచ్చగా కరకరలాడుతోంది. "రెండుసార్లు పెయింట్ వేయించాం కదండీ" అని ఆ ఇంటావిడ కంటతడి పెట్టారు. కుళ్లినంత మేరా తీసి కొత్త గడ్డి కూర్చి, సున్నపు గార పూశాం. కిటికీ గట్టుకు బయటికి వాలు ఇచ్చాం. మొదట్లోనే ఆ వాలు, వెడల్పాటి చూరు, నేలకు ఎత్తుగా పునాది ఉండి ఉంటే ఆవిడకు ఆ ఖర్చు తప్పేది.

నిప్పు సంగతంటారా? విడిగా పడివున్న గడ్డి భగ్గున అంటుకుంటుంది, అందుకే పని నడిచినన్నాళ్లూ ఏ రోజు చెత్త ఆ రోజు ఊడ్చేయాలి. బిగించి కట్టి, ఇరువైపులా గార పూసిన మోపుకు గాలి అందదు కాబట్టి అంత తేలిగ్గా కాలదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం ఆర్థర్‌లో 1928లో గడ్డి మోపులతో కట్టిన చర్చి ఇప్పటికీ నిలిచే ఉంది.

ఇలాంటి ఇళ్లలో వాడే వెదురుకు పురుగు పడుతుందన్నది నిజమే, కానీ అది బొంగులోని పిండిపదార్థం కోసం వస్తుంది. మూడేళ్లు దాటి ముదిరిన బొంగును బోరాక్స్, బోరిక్ ఆసిడ్ ద్రావణంలో నానబెట్టి వాడండి. వాన తగిలితే ఆ మందు కొట్టుకుపోతుంది, కాబట్టి చూరు కిందే ఉంచండి.

ఇక గడ్డి గోడ కడితే ఇల్లు దానంతటదే చల్లబడుతుందన్న ఆశ. గోడ వేడిని ఆలస్యం చేస్తుంది, అంతే. ఎక్కువ ఎండ పడేది కప్పు మీద. డబ్బు తక్కువైతే ముందు కప్పు కింద మందపాటి చెక్కపీచు పలకలు వేయించి, పడమటి కిటికీకి బయటి నుంచి నీడ ఏర్పాటు చేయండి. గోడల సంగతి ఆ తర్వాత చూద్దాం.