పిన్ను పట్టినంత మాత్రాన కరెంటు పట్టదు: పాత బొమ్మ రైళ్లపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా బల్ల మీదికి రిపేరుకు వచ్చే పాత బొమ్మ రైళ్లలో ఎక్కువ భాగం అమెరికా నుంచి సూట్‌కేసుల్లో దిగినవే. కొడుకో కూతురో అక్కడ పాత సామాన్ల అమ్మకంలో ఒక లయొనెల్ (అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ) సెట్టు చూస్తారు. కాజీపేటలో ఉద్యోగం చేసి రిటైరైన నాన్నకు రైళ్లంటే ప్రాణం కదా అని కొని తెస్తారు. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చున్నాక పట్టాలు పరిచి, బజారులో దొరికే పిన్ను తగిలించి, తిన్నగా గోడ ప్లగ్గులో పెడతారు. రైలు పిచ్చి వేగంతో పరుగెత్తి పట్టా తప్పుతుంది, ముందు లైటు మాడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కాలిన వార్నిష్ వాసన గదంతా కమ్ముకుంటుంది. మర్నాడు నాకు ఫోను. "పాతది కదా సార్, మోటారు పోయినట్టుంది" అంటారు. సాధారణంగా మోటారుకు ఏమీ కాదు. పోయేది ట్రాన్స్‌ఫార్మర్, అదీ వయసు వల్ల కాదు.

అపోహ: పిన్ను మారిస్తే అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ మన ఇంట్లో పని చేస్తుంది.

వాస్తవం: పిన్ను అడాప్టర్ ఆకారాన్ని మారుస్తుంది, అంతే. వోల్టేజీ జోలికి పోదు. లయొనెల్ ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరగేసి దాని రేకు పలక చదవండి. 115 వోల్టులు, 60 సైకిల్స్ (అంటే 60 హెర్ట్జ్) అని ఉంటుంది. మన గోడలో ఉన్నది 230 వోల్టులు, 50 సైకిల్స్. రెట్టింపు వోల్టేజీ పడగానే లోపలి ఇనుప కోరు అంత అయస్కాంత క్షేత్రాన్ని మోయలేక సంతృప్తమైపోతుంది. అప్పుడు గోడ కరెంటు వచ్చే ప్రైమరీ చుట్ట మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగి, తీగ మీది పూత కరిగి, చుట్టకు చుట్ట కలిసిపోతుంది. అది కాలేలోపు పట్టాలకు వెళ్లే వోల్టులు కూడా రెట్టింపవుతాయి కాబట్టే రైలు అలా పరుగెత్తింది.

"ఎంసీబీ పడిపోతుందిలే" అని ధైర్యంగా ఉండేవాళ్లు కొందరు. పదహారు ఆంపియర్ల ఎంసీబీ మీ ఇంటి వైరింగును కాపాడటానికి పెట్టింది. నాలుగైదు ఆంపియర్లు లాగుతూ లోలోపల ఉడికిపోతున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దానికి కనిపించనే కనిపించదు.

చదువుకున్న పిల్లలు కూడా ఈ తప్పు ఎందుకు చేస్తారో నాకు తెలుసు. వాళ్లు తెచ్చే లాప్‌టాప్, ఫోను చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా సరిపోతాయి. పిన్ను మారిస్తే చాలు. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. 1950ల నాటి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ తెలివి లేదు. అది రాగి తీగ, ఇనుప రేకులు మాత్రమే.

కావలసింది 230 నుంచి 110కి దించే తీగ చుట్టల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. ప్రయాణాల కోసం అమ్మే చిన్న తేలికపాటి కన్వర్టర్ కాదు. దాని మీద 1600 వాట్లు అని రాసి ఉన్నా సరే, అది ఇస్త్రీ పెట్టెల వంటి వేడి పరికరాల కోసం కరెంటు తరంగాన్ని ముక్కలు చేసి ఇస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు అది విషం. వాట్లు కూడా చూసుకోవాలి. చిన్న సెట్లతో వచ్చే 1033 రకం 90 వాట్లది, పెద్ద జెడ్‌డబ్ల్యూ 275 వాట్లది. దించేది కనీసం దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, రెండు రెట్లుంటే నిశ్చింత. ఇంత చేసినా 60 సైకిల్స్ కోసం తయారైనది మన 50 మీద కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, కొంచెం ఎక్కువ గుర్రుమంటుంది. అందుకు భయపడనక్కర్లేదు. కానీ మే నెలలో రామగుండంలో ఉండేవాళ్లు దాన్ని గంటల తరబడి వదిలేయకండి. పైపెట్టె మీద చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే ఆపేయండి. అన్నిటికంటే ముందు గోడకు వెళ్లే తీగను వంచి చూడండి. పాత రబ్బరు తొడుగు పెళుసై రాలిపోతుంటే, తీగ మార్చకుండా ప్లగ్గు పెట్టకండి. అది ప్రాణాల సంగతి.

కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇలాగే సెట్టు పట్టుకుని వచ్చారు. జీవితమంతా నిజం ఇంజన్లు నడిపిన మనిషి. మనవరాలి ముందు బొమ్మ ఇంజను తన చేతిలో చచ్చిపోయిందని కుమిలిపోతున్నారు. ఇంజను విప్పి ఆయనకే చూపించాను. మోటారు చుట్టలకు కరెంటు అందించే కమ్యుటేటర్ మీది మూడు రాగి పలకలు నల్లగా ఉన్నాయి, కానీ అది దశాబ్దాల గ్రీజు, కార్బన్ ధూళి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే గులాబి రంగు రాగి బయటపడింది. పలకల మధ్య సందుల్లో పేరుకున్న మసిని పంటి పుల్లతో గీకాను. వేరే ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి లివరు కదిపితే లోపల ఇంజను దిశ మార్చే రివర్సు యూనిట్ టక్‌మంది. ముందుకు, తటస్థం, వెనక్కి, మళ్లీ తటస్థం. ఆ వరుస ఆయనే పైకి చెప్పారు, నేను చెప్పకముందే. ఆయన మొత్తం ఖర్చు ఒక బల్బు, ఒక స్టెప్ డౌన్, చిన్న పాత ట్రాన్స్‌ఫార్మర్. బయట ఎవరో మోటారు తీగ మొత్తం కొత్తగా చుట్టాలని చెప్పారట. చుట్టించి ఉంటే బాగున్న ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) పాడయ్యేది.

అపోహ: మూడు పట్టాలుంటే ఏసీ, రెండుంటే డీసీ.

వాస్తవం: లయొనెల్‌ది, జర్మనీ కంపెనీ మార్క్లిన్ చేసే హెచ్‌ఓ సైజు రైళ్లది ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు), నిజమే. కానీ 1938లో వచ్చిన బ్రిటిష్ బొమ్మ రైలు హార్న్‌బీ డబ్లోకు మూడు పట్టాలున్నా అది 12 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు). దానికి ఏసీ ఇస్తే కదలకుండా గుర్రుమంటూ వేడెక్కుతుంది, అయస్కాంతం బలం కూడా పోవచ్చు. లయొనెల్‌కు డీసీ ఇస్తే ఇంజను నడుస్తుంది, అయితే కూత పెట్టె రిలే డీసీకే స్పందిస్తుంది కాబట్టి ఆపకుండా కూస్తూనే ఉంటుంది. పట్టాలు లెక్కపెట్టకండి, కంపెనీ పేరు చూడండి.

అపోహ: కొబ్బరి నూనె చుక్క వేస్తే తేలిగ్గా తిరుగుతుంది.

వేయకండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఆదిలాబాద్ చలికాలం సంగతి మీకు చెప్పాలా? పైగా కొన్నాళ్లకు జిగురై పళ్ల చక్రాలను పట్టేస్తుంది. కుట్టు మిషన్ నూనె, సూది మొనతో ఇరుసుకు ఒక్క చుక్క. బ్రష్షులకు (కమ్యుటేటర్‌ను తాకుతూ కరెంటు అందించే కార్బన్ ముక్కలు), కమ్యుటేటర్‌కు అసలు వద్దు. మిక్సీ బ్రష్షు అరగదీసి పెట్టే పని కూడా మానండి. అది 230 వోల్టుల మోటారుకు తగ్గ గట్టి కార్బన్. తక్కువ వోల్టుల మోటార్లలో చాలావాటికి రాగి కలిసిన బ్రష్షు కావాలి. లయొనెల్‌కూ హార్న్‌బీ డబ్లోకూ కొత్త బ్రష్షులు ఇప్పటికీ తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు.

అపోహ: మోటారు పూర్తిగా విప్పి కడిగితే కొత్తదవుతుంది.

విప్పకండి. పాత ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమం) అయస్కాంతాన్ని మోటారు నుంచి ఊడదీసి ఊరికే బల్ల మీద పెడితే దాని బలం తగ్గిపోతుంది. తీయక తప్పకపోతే రెండు ధ్రువాలకూ అడ్డంగా వెంటనే మెత్తటి ఇనుప ముక్క ఆనించాలి.

అపోహ: పాత రైలంటే లక్షలు. మెరిపిస్తే ఇంకా ఎక్కువ.

ఇది వినీ వినీ విసిగిపోయాను. పాత టీవీల్లో, రేడియోల్లో లక్షలు పలికే రెడ్ మెర్క్యురీ అనే పదార్థం ఉందన్న పుకారు మన దగ్గర తిరిగింది. 2009లో సౌదీలో పాత కుట్టు మిషన్ల మీద ఇదే పుకారు లేస్తే జనం ఎగబడి కొన్నారు. ఇప్పుడు దాన్ని బొమ్మ రైళ్లకు అంటిస్తున్నారు. ఏ బొమ్మ రైల్లోనూ అలాంటిది లేదు, ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఫోను పెట్టేయండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లయొనెల్ సెట్లు లెక్కకు మించి తయారయ్యాయి. వాటిలో చాలావరకు మామూలు ధరకే పోతాయి. ధర నిలబెట్టేవి అసలు రంగు, అసలు పెట్టె. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో రుద్దిన హార్న్‌బీ రేకు రైలు పెట్టె ఒకటి నా దగ్గరికి వచ్చింది. అచ్చు వేసిన రంగు సగం పోయి కింద తుప్పు మొదలైంది. దాన్ని వెనక్కి తేలేం. మెత్తటి గుడ్డ, కొద్దిగా తడి, వెంటనే ఆరబెట్టడం చాలు. కొత్త రంగు మాత్రం వేయకండి.

అపోహ: పగుళ్లు వచ్చిన ఇంజను పక్కన పెడితే మిగతావాటికీ ఆ జబ్బు అంటుకుంటుంది.

అంటుకోదు, హాయిగా నిద్రపోండి. యుద్ధానికి ముందు పోత పోసిన జింక్ మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలవడం వల్ల కొన్ని చక్రాలు, బాడీలు లోపలి నుంచే ఉబ్బి పగులుతాయి. నయం కాదు నిజమే, కానీ ఆ ముక్కలో ఉన్నది ఆ ముక్కలోనే ఉంటుంది. ఉన్నదాన్ని ఎండ, తేమ తగలని చోట ఉంచండి. వానాకాలంలో న్యూస్ పేపర్లో చుట్టి పెట్టకండి, కాగితం తేమ పీల్చి రేకుకు అంటిస్తుంది.

అపోహ: కీ ఇచ్చి నడిపే బొమ్మ రైలుకు కీ ఎక్కువ తిప్పితే స్ప్రింగు పట్టేస్తుంది.

పట్టేసేది ఎండిపోయిన గ్రీజు. స్ప్రింగు పెట్టెను మాత్రం ఇంట్లో విప్పకండి, ఒక్కసారిగా విడివడితే వేళ్లు తెగుతాయి.

అపోహ: బొమ్మే కదా, పిల్లలకు ఇవ్వొచ్చు.

పాత రేకు రైళ్ల రంగుల్లో సీసం ఉంటుంది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి ఇవ్వకండి. పెద్ద పిల్లలైతే మీ పక్కన కూర్చుని నడపనివ్వండి, ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి. పెచ్చులు లేస్తున్న రంగును గరుకు కాగితంతో ఎప్పుడూ గీకకండి. ఆ పొడి మీ ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది.