థర్మల్ కెమెరాలో ఎర్రగా కనిపిస్తే జబ్బున్నట్టేనా?

మొన్న షుగర్ ఉన్న ఒక పెద్దావిడ, ఒంటి వేడిని రంగుల్లో చూపించే మా థర్మల్ కెమెరా తెర మీద తన కుడి పాదం చూసుకుని హడలిపోయింది. "ఇంత ఎర్రగా ఉందేంటి బాబూ, లోపల కుళ్ళిపోయిందా?" అంది. బటన్ నొక్కి అదే బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి, "ఇప్పుడు తగ్గిందా?" అన్నాను. ఆ రంగులు కెమెరా పూసేవమ్మా, ఒంటివి కావు. ఏ డిగ్రీకి ఏ రంగో పెట్టేది మేమే. ఆ రంగులన్నీ రెండు డిగ్రీల తేడాలోనే సర్దేస్తే ఎవరి పాదమైనా హోలీ ఆడి వచ్చినట్టే ఉంటుంది.

అపోహల్లో పెద్దది, ఇది ఒంటి లోపలికి చూస్తుందన్నది. చూడదు. చర్మం పైపొర నుంచి వెలువడే పరారుణ కిరణాలను పట్టుకుంటుంది, అంతే. మీరు కళ్ళద్దాలతో నిలబడితే వాటి వెనకున్న కళ్ళే కనిపించవు, ఇక కాలేయం, కిడ్నీ ఎక్కడ?

రేడియేషన్ ఉండదన్నది మాత్రం నిజమే, కెమెరా ఒంట్లోకి ఏమీ పంపదు కాబట్టి. కానీ ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని "మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అక్కర్లేదు, నొప్పి లేకుండా రొమ్ము క్యాన్సర్ పరీక్ష" అని ప్రకటనలు ఇస్తుంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 1982లో దీన్ని అనుమతించింది మామోగ్రామ్‌తో పాటు వాడటానికే, బదులుగా కాదు. ఆ తర్వాత హెచ్చరికలూ చేసింది. లోతుగా ఉన్న గడ్డ వేడి పైకి తెలియకపోవచ్చు, పాలిచ్చే తల్లికి రొమ్ములో చీము పట్టినా ఆ చోటు వేడిగానే కనిపిస్తుంది. చేతికి గడ్డ తగిలిందంటే థర్మల్ రిపోర్ట్ నార్మల్ అని ఇంట్లో కూర్చోవద్దు.

అయితే దండగ మెషీనా? కాదు, షుగర్ పాదాల దగ్గర పనికొస్తుంది. స్పర్శ పోయిన పాదానికి నొప్పి తెలియదు, పుండు పడకముందే ఆ చోటు వేడెక్కుతుంది. ఎడమ, కుడి పాదాల్లో ఒకే చోట 2.2 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ తేడా రోజుల తరబడి ఉంటే నడక తగ్గించి డాక్టరుకు చూపించాలి. రెండో పాదం లేనివాళ్ళకూ, రెండు పాదాల్లోనూ సమస్య ఉన్నవాళ్ళకూ ఈ లెక్క సరిగ్గా కుదరదు.

ఇంకోటి, వచ్చీ రాగానే ఫొటో తీసేస్తే అది పరీక్ష కాదు. చెప్పులు, సాక్సులు తీసి, క్రీములు రాసుకోకుండా, ఏసీ గాలి నేరుగా తగలని గదిలో పావుగంట ఇరవై నిమిషాలు కూర్చోవాలి. మనవాళ్ళతో చిక్కేమిటంటే కుర్చీలో కూడా కాలు మడిచి కూర్చుంటారు. తొడ కింద ఉన్న పాదం వేడెక్కకుండా ఉంటుందా? ఆ పెద్దావిడ చేసిందీ అదే. రెండు కాళ్ళూ చాపించి, ఇరవై నిమిషాలాగి మళ్ళీ తీస్తే తేడా 0.3 డిగ్రీలే వచ్చింది.